కండెకు రెండు రెప్పలు

ఇలాంటివి రిటైరైనవాళ్ళు రాయాలి. నాకింకా ముప్పై మూడేళ్ళు. అయినా కళ్ళద్దాల షాపు కౌంటరు నుంచి నేను రిటైరైనట్టే. తిరుపతిలో ఏడేళ్ళపాటు వచ్చినవాళ్ళ కళ్ళు పరీక్ష చేసి, పోయినేడాది నుంచి ఆప్టోమెట్రీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. వాళ్ళలో సగం మంది రేపో మాపో ఏదో ఒక షాపులో తెల్లకోటు వేసుకుని కూర్చునేవాళ్ళే. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు, కళ్ళు పొడిబారినవాళ్ళకు కాంటాక్ట్ లెన్సులు ఇవ్వవచ్చా అని. దానికి పుస్తకంలో జవాబు ఉంది. అది రాస్తే మార్కులు వస్తాయి. నేను మాత్రం క్లాసులో నగరి నుంచి వచ్చిన ఒకామె సంగతి చెబుతాను. ఆమె విషయంలో నేను చేసిన తప్పు చాలా చిన్నది, ఒకే ఒక్క మాట. దాన్ని దిద్దుకోవడానికి రెండు నెలలు పట్టింది.

ముందు నా సంగతి. నాకు జాబితాలంటే ఇష్టం. స్కూల్లో కూడా సంచి సర్దుకునే ముందు ఏమేం పెట్టాలో కాగితం మీద రాసుకునేవాణ్ణి. ఉద్యోగంలో చేరాక ఆ జబ్బు ముదిరింది. లెన్సులు పెట్టుకునేవాళ్ళ కోసం పద్నాలుగు అంశాల కాగితం ఒకటి తయారు చేసి, ప్రింటు తీయించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చేవాణ్ణి. చేతులు కడుక్కోవాలి, నీళ్ళతో లెన్సు కడగకూడదు, పెట్టుకుని నిద్రపోకూడదు, అలా పద్నాలుగు. మా షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే ఫిట్టరన్న ఆ కాగితాన్ని చూసి, "ఇంత సదివే ఓపికుంటే వాళ్ళకి కండ్లు బాగున్నట్టే కదప్పా" అన్నాడు. ఆయన ముప్పై ఏళ్ళుగా అదే స్టూలు మీద కూర్చున్నవాడు. డిగ్రీ లేదు. ఆయన మాటల్ని నేను పెద్దగా పట్టించుకునేవాణ్ణి కాదు.

ఏప్రిల్ చివర ఒక మధ్యాహ్నం ఆమె భర్తతో కలిసి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. దళసరి అద్దాల కళ్ళజోడు, ఒక కాడకు నల్ల దారం చుట్టి ఉంది. ఇద్దరూ నగరిలో మరమగ్గాల మీద పనిచేస్తారు. పండగలొస్తే కొయ్యగుర్రం ఆట ఆడతారు. చూడనివాళ్ళ కోసం చెబుతాను. కాళ్ళకు అడుగెత్తు కొయ్యకాళ్ళు కట్టుకుంటారు. నడుముకు వెదురుతో, కాగితంతో చేసిన గుర్రాన్ని తగిలించుకుంటారు. కొయ్యకాళ్ళు కనపడకుండా గుర్రానికి చుట్టూ కుచ్చుల గుడ్డ వేలాడుతుంది. దూరం నుంచి చూస్తే రాజు, రాణి రెండు గుర్రాలెక్కి ఊరేగింపు ముందు గంతులేస్తున్నట్టుంటుంది. ఈయన రాజు, ఆమె రాణి. ఆమె నాయన డోలు వాయిస్తాడు, జట్టుకు పెద్ద ఆయనే.

కిందటేడు ఆడికృత్తిక నాడు, అంటే జులై, ఆగస్టుల్లో వచ్చే ఆడి నెలలో సుబ్రహ్మణ్యస్వామికి కావళ్ళు మోసే పండగ రోజు, చెమటకు ఆమె కళ్ళజోడు జారి కిందపడింది. పక్కనే గంతేస్తున్న రాజుగారి కొయ్యకాలు సరిగ్గా దాని మీదే పడింది. చూపు అందక ఆమె కాలు మడతపడి, గుర్రంతో సహా కూలబడింది. రెండు నెలలు కుంటింది. ఇదంతా భర్తే చెప్పాడు, తన తప్పేమీ లేదన్నట్టు.

"రాణిని రాజే పడగొట్టినాడని ఊరంతా నవ్వినారు సార్" అన్నాడు.

ఆమె నవ్వలేదు. ఈ ఏడు ఆడికృత్తికకు కళ్ళజోడు లేకుండా ఆడగలిగితే ఆడు, లేదంటే గుర్రాన్ని నీ తమ్ముడి పెండ్లానికి ఇచ్చేస్తానని వాళ్ళ నాయన చెప్పేశాడట. పదమూడో ఏట నుంచీ ఆమె ఎక్కుతున్న గుర్రం అది. జోడు తీసేస్తే నాలుగు బారల దూరంలో ఉన్న భర్త చెయ్యి కూడా కనపడదు. ఎటు తిరగాలో, ఎప్పుడు ఆగాలో ఆ చేతి సైగల్ని బట్టే తెలుస్తుంది. అందుకని లెన్సులు కావాలి. అంతకు ముందు ఒక షాపులో అడిగితే, నీ కళ్ళు ఎండిపోయినాయి, లెన్సులు పనికిరావు అని పంపించేశారట.

నేను చొక్కా చేతులు మడిచాను. ఇలాంటి కేసు కోసమే ఎదురుచూస్తున్నాను మరి.

కంట్లో పసుపు రంగు చుక్క వేసి, నీలం వెలుగులో చూస్తే కన్నీటి పొర కనపడుతుంది. రెప్ప తెరిచాక ఆ పొర ఎన్ని సెకన్లకు చెదురుతుందో లెక్కపెడతాం. పది సెకన్లు నిలిస్తే మంచిది. ఆమెకు నాలుగుకే చెదిరింది. నల్లగుడ్డు కింది భాగంలో, ఇంచుమించు మూడో వంతు మేర, సన్నని చుక్కలు చుక్కలుగా రంగు అంటుకుంది. పై భాగం శుభ్రంగా ఉంది. అన్నీ రాసుకున్నాను. మంట ఎప్పుడెప్పుడు ఉంటుందని అడిగాను. ఆమె చెప్పిన మాట నాకిప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

"కండెలు మార్సేటప్పుడు సల్లగా ఉంటాది సార్. మిగతా యాళంతా మంటే."

నేను తిరుపతి టౌన్లో పుట్టి పెరిగినవాణ్ణి. నాకు వినపడింది "కండ్లు మార్చేటప్పుడు" అని. కళ్ళు మార్చడమంటే చూపు ఇటు నుంచి అటు తిప్పడం కాబోలు అనుకున్నాను. "చూపు తిప్పితే ఉపశమనం" అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. రెండు గీతలు నేను ముఖ్యమైన వాటికే గీస్తాను.

సాయంత్రం వచ్చే మా డాక్టర్ మేడం ఆమె కళ్ళు చూసి, ముందు రెప్పల సంగతి చూడమన్నారు. రోజూ గోరువెచ్చని తడిగుడ్డతో రెప్పలకు కాపడం, రెప్పల అంచులు శుభ్రం చేసుకోవడం, నిల్వ మందు కలపని కన్నీటి చుక్కలు. మూడు వారాలు అలా చేశాక లెన్సులు ప్రయత్నించవచ్చు, కానీ కన్ను ఎర్రబడితే ఆ క్షణమే తీసేయాలి అన్నారు. ఆమె ఒక్క రోజు కూడా మానకుండా చేసింది. మే మూడో వారంలో మొదటి జత ఇచ్చాను.

ఇక నా తప్పుల వరస. చూపు తిప్పితే హాయిగా ఉందన్నది కాబట్టి, కంటి మీద లెన్సు బాగా కదిలితే మంచిదని లెక్క వేసి వదులుగా ఉండే లెన్సు ఇచ్చాను. అది రెప్ప కింద గరగరమంది. వారం తర్వాత వచ్చింది. బిగుతుగా ఉండేది ఇచ్చాను. అది మధ్యాహ్నానికి అతుక్కుపోయింది. మళ్ళీ వచ్చింది. లెన్సు రకం మార్చి, రోజుకొక కొత్త జత వాడి పారేసేది ఇచ్చాను. అన్నిటికన్నా అదే నయం, కానీ మూడు గంటలు దాటితే మంటే. చుక్కలు ఎక్కువసార్లు వేయమన్నాను. అలవాటు కావాలి కదా అని మగ్గం దగ్గర కూడా పెట్టుకోమన్నాను. ఇప్పుడది తలుచుకుంటే సిగ్గేస్తుంది. ప్రతిసారీ నా కాగితానికి కొన్ని అంశాలు చేరుతూ వచ్చాయి. పద్నాలుగు కాస్తా ఇరవై రెండయ్యాయి. ఆమె వాటన్నిటినీ పాటించింది. భర్త ఒకసారి కాగితం చూపించి, "సార్, దీన్ని గోడకు అంటిస్తే క్యాలెండర్‌కి చోటు లేదు" అన్నాడు.

జూన్ చివరి వారంలో ఆమె మళ్ళీ వచ్చినప్పుడు లెన్సులు డబ్బాలోనే ఉన్నాయి. బల్ల మీద పెట్టి నా వైపు తోసింది. నాయన అప్పుడే తమ్ముడి భార్యకు కొయ్యకాళ్ళు కొలిపించాడట. "నా కండ్లే అట్లాటివేమో లే సార్. మీరేం జేస్తారు" అంది. కోపంగా అని ఉంటే బాగుండేది. చివరిగా ఒకసారి పరీక్ష చేస్తానని చెప్పి, బయట బెంచీ మీద కూర్చోమన్నాను. లోపలికి వచ్చి ఇరవై రెండు అంశాల్ని మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నాను. ఫిట్టరన్న మెషిన్ ఆపి, అద్దాన్ని గుడ్డతో తుడుస్తూ నా పక్కకు వచ్చాడు.

"ఏమప్పా, ఆ యమ్మ రెప్ప ఎయ్యదా?"

అదేం ప్రశ్న అన్నాను.

"ఇన్నిసార్లు వచ్చింది. నా ఎదురుగానే కూసుంటాది. నేను అద్దం అరగదీస్తా సూస్తానే ఉండాను. అమ్మోరి బొమ్మ మాదిరి అట్టనే సూస్తాది. ఎప్పుడన్నా ఏసినా సగానికే ఏస్తాది, షట్టరు సగం దించినట్టు."

తలుపు సందులోంచి చూశాను. ఎదురుగా గోడ మీద ఫ్రేముల బొమ్మను చూస్తూ కూర్చుని ఉంది. వాచీ పెట్టి లెక్కపెట్టాను. ఒక నిమిషంలో మూడు రెప్పలు. మూడూ సగానివే.

ఇప్పుడు చదువుకునే పిల్లలు ఇక్కడ కాస్త ఆగాలి. కింది మూడో వంతులో మాత్రమే రంగు అంటితే, రెప్ప కిందిదాకా దిగడం లేదని అర్థం. రెప్ప అందని చోట తడి ఉండదు. ఆ చుక్కల్ని నేను మొదటి రోజే చూశాను, బొమ్మ గీసి మరీ రాసుకున్నాను. కానీ నా పరీక్షలో ప్రతిసారీ నేనే "రెప్ప వేయండి" అనేవాణ్ణి. చెప్పినప్పుడల్లా ఆమె చక్కగా, నిండుగా వేసేది. చెప్పనప్పుడు ఏం చేస్తుందో ఒక్కసారి కూడా చూడలేదు. ముప్పై ఏళ్ళు స్టూలు మీద కూర్చున్నాయన చూశాడు.

బయటికి వచ్చి, అక్కా, మీరు రెప్ప ఎందుకు వేయరు అని అడిగాను. నువ్వు ఊపిరెందుకు పీలుస్తావని అడిగినట్టు చూసింది. భర్త జవాబిచ్చాడు. గుర్రమెక్కిన రాణి రెప్ప వేయకూడదని తన మామ, అంటే ఆమె నాయన, పెట్టిన నియమం. పదమూడేళ్ళ పిల్లను గోడ మీది సున్నపు చుక్క ముందు నిలబెట్టి నేర్పించాడట. "నాకు పెండ్లిసూపులప్పుడే భయమేసింది సార్, ఇట్టనే సూసింది" అన్నాడు. దానికి తోడు మగ్గం. నాలుగు మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే ఎక్కడ పోగు తెగుతుందోనని కన్నార్పకుండా చూస్తుంది. మీ పని చూడటానికి ఆదివారం రావచ్చా అని అడిగాను. మగ్గాలకు శుక్రవారమే సెలవు, ఆదివారం రండి అన్నారు.

పుత్తూరు మీదుగా బస్సులో వెళ్ళాను. వాళ్ళ షెడ్డులో ఆరు మగ్గాలు. గుమ్మంలో అడుగు పెడితే మాట వినపడదు. గాలిలో దూది నుసి తేలుతోంది. ఒక స్టాండు ఫ్యాను సరిగ్గా ఆమె ముఖానికి పెట్టి ఉంది. సంచిలోంచి నోటుబుక్కు తీసి రాసుకుంటున్నాను. నుసి, ఒకటి. ఫ్యాను, రెండు. అప్పుడొక మగ్గం ఆగింది. ఆమె పోగును అటూ ఇటూ మోసే నాడెను బయటికి తీసి, అందులో నూలు అయిపోయిన చిన్న కర్రను పక్క బుట్టలో వేసి, నూలు నిండుగా చుట్టిన ఇంకో కర్రను పెట్టింది. పెట్టేటప్పుడు చూపు కిందికి దించి, నిండుగా ఒక్క రెప్ప వేసింది. మళ్ళీ మగ్గం ఆడించగానే బొమ్మ అయిపోయింది. ఇంకో మగ్గం ఆగింది. మళ్ళీ కర్ర మార్చింది. మళ్ళీ ఒక్క రెప్ప.

నేను ఆమె భర్త చెవి దగ్గర అరిచాను, ఆ కర్రను ఏమంటారని.

"కండె" అని ఆయన నా చెవిలో అరిచాడు. "కండె సార్! కండెలు మారుస్తా ఉంది!"

నేను నోటుబుక్కు మూసేశాను. కండెలు మార్చేటప్పుడు చల్లగా ఉంటుంది, మిగతా వేళంతా మంట. రోగం ఏమిటో, మందు ఏమిటో రెండూ ఆమె మొదటి రోజే ఒక్క వాక్యంలో చెప్పింది. నేను దాన్ని తప్పుగా రాసుకుని, కింద రెండు గీతలు గీసి పెట్టుకున్నాను.

షెడ్డు బయట వేపచెట్టు కింద టీ తాగుతూ నా పొరపాటు చెప్పాను. ఆమె అంత నవ్వగా నేను అదే మొదటిసారి చూడటం. "కండ్లు మారుస్తానా నేను? యాడన్నా దొరుకుతాయా?" అని నవ్వి నవ్వి టీ ఒలకబోసుకుంది. తర్వాత కొత్త కాగితం రాశాను. ఇరవై రెండు కాదు, ఆరే అంశాలు. మగ్గం దగ్గర కళ్ళజోడే, లెన్సులు వద్దు. ఆటకూ, ఆట సాధన చేసే పూటకూ మాత్రమే లెన్సులు, ప్రతిసారీ కొత్త జత. ఫ్యాను కాళ్ళ వైపు. ముఖానికి రంగు వేసుకోక ముందే లెన్సు పెట్టుకోవాలి, రంగు కడుక్కోక ముందే తీసేయాలి. చుక్కల మందు ఎవరికీ ఇవ్వకూడదు, ఎవరిదీ తీసుకోకూడదు. అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాలతో, కండెకు రెండు రెప్పలు. నిండు రెప్పలు, ఇంతకాలం తెలియకుండా వేసిన ఒక్కదానికి బదులు. నాలుగు మగ్గాల్లో ఏదో ఒకటి కండె కోసం ఎప్పుడూ ఆగుతూనే ఉంటుంది కాబట్టి ఇక వేరే గడియారం అక్కర్లేదు.

రెండు వారాల్లో కింది చుక్కలు సగానికి తగ్గాయి. మేడం చూసి తల ఊపారు. లెన్సులతో మూడు గంటలు, తర్వాత నాలుగు గంటలు హాయిగా ఉండగలిగింది. ఇక మిగిలింది ఒక్కటే, వాళ్ళ నాయన. మగ్గం దగ్గర ఎన్ని రెప్పలు వేసుకున్నా ఆయనకు అభ్యంతరం లేదు. గుర్రం మీద మాత్రం ఒక్కటి కూడా వీల్లేదు. ఆట గంటన్నర. ఆడి నెలలో ఈదురుగాలి. అంతసేపు రెప్ప ఆర్పకుండా ఉంటే లెన్సు ఎండి రాలిపోతుంది.

నేనే వెళ్ళి మాట్లాడాను. కన్నీటి పొర గురించి, దానిలోని మూడు భాగాల గురించి బొమ్మ వేసి వివరించాను. ఆయన డోలుకు తాడు బిగిస్తూ ఓపిగ్గా విన్నాడు.

"సామీ, నువ్వు సదువుకున్నోడివి, నువ్వు జెప్పేది నిజమే. అయితే రెప్పేస్తే అది రాణి గాదు, మా కూతురు. జనం మా కూతుర్ని సూడ్డానికి వస్తారా?"

నేను బొమ్మ వేసిన కాగితం మడిచాను. అంతవరకూ వాకిట్లో కూర్చుని పల్లీలు వొలుస్తున్న రాజుగారు అప్పుడు నోరు విప్పాడు. "మామా, గుర్రం దండం పెట్టేటప్పుడు తల వంచుతాం గదా. అప్పుడు మొగం ఎవురికి కనపడతాది?"

గుర్రాలు ముందుకు వంగి దేవుడికీ, జనానికీ నమస్కారం చేసే అడుగు ఒకటుందట. ఆటలో అయిదారుసార్లు వస్తుంది. పెద్దాయన తాడు బిగించడం ఆపాడు. డోలు మీద వేళ్ళతో దండం దెబ్బ మెల్లగా కొట్టి చూశాడు.

"తల వంచినాక కండ్లు మూస్తాదో తెరుస్తాదో ఆ సామికి తెలియాల. నాకేం పని?" అన్నాడు. ఆ మర్నాటి నుంచి ఆటలో దండాలు పదయ్యాయి. ఎందుకు పెరిగాయని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. తమ్ముడి భార్య కొయ్యకాళ్ళు మాత్రం గోడకు ఆనించే ఉన్నాయి.

ఆడికృత్తిక నాడు సెలవు పెట్టి వెళ్ళాను. పొద్దున్నే ఆమె అద్దం ముందు కూర్చుని, చేతులు కడిగి, తుడుచుకుని, రెండు లెన్సులూ ఒక్కోసారికే పెట్టుకుంది. తర్వాతే రంగు, కాటుక, కిరీటం. పదిగంటలకు కావళ్ళు మోసేవాళ్ళ ముందు ఆట మొదలైంది. నేను డోలు పక్కన నిలబడ్డాను. ఆమెకూ నాకూ మధ్య ఎనిమిది బారల దూరం.

గంట బాగా గడిచింది. దండం వచ్చినప్పుడల్లా గుర్రం వంగడం, రాణి తల వాలడం, లేచాక మళ్ళీ ఆ చూపు. అప్పుడు బజారు మొగదల నుంచి గాలి లేచింది. దుమ్ము, విస్తరాకులు, అన్నీ కలిసి నేరుగా ఆమె మీదికి వచ్చాయి. తర్వాతి దండానికి ఇంకా చాలా సేపుంది. డోలు గంతుల వేగంలో ఉంది. ఆమె కింది పెదవి బిగుసుకోవడం చూశాను. ఆ కంట్లో ఇప్పుడేం జరుగుతున్నదో సెకను సెకనుకూ నాకు తెలుసు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

ఆమె గుర్రాన్ని వంచింది. వరసలో లేని దండం. తాళానికి అడ్డంగా, ఒంటరిగా, గాలికి ఎదురుగా వంగింది. రాజు గంతు మధ్యలో తడబడి ఆగాడు. నేను పెద్దాయన వైపు చూశాను. ఆయన చేతులు ఒక్క క్షణం డోలు మీద గాలిలో ఆగిపోయాయి. తర్వాత మెల్లగా, దండానికి వాయించే దెబ్బే వాయించాడు. అదంతా తాను అనుకున్నదే అన్నట్టు రాజు కూడా వంగాడు. జనం చేతులు జోడించారు. గాలి పోయేదాకా ఆయన ఆ దెబ్బ సాగదీశాడు. రాణి తల ఎత్తింది. కళ్ళు తడిగా, పెద్దగా, నిశ్చలంగా ఉన్నాయి.

ఆట ముగిశాక గుర్రాన్ని విప్పించుకుని, అరుగు మీద కూర్చుని ముందు లెన్సులు తీసింది. రంగు ఇంకా కడుక్కోలేదు. కాగితం గుర్తుంది. టార్చి వేసి చూశాను. కొంచెం ఎరుపు, అంతే. పెద్దాయన డోలు దించి మా ముందు నుంచే వెళ్ళాడు. వెళుతూ గోడకు ఆనించి ఉన్న కొత్త కొయ్యకాళ్ళను తీసి అటక మీదికి తోసేశాడు.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని నన్ను తేరిపార చూసింది.

"మీ కండ్లేంది సార్, అట్ట ఎర్రగా అయినాయి?"

దుమ్ము అన్నాను.

"దుమ్ము గాదు. గుర్రం మీంచి సూస్తానే ఉండా. గాలొచ్చిన కాణ్ణించి మీరు ఒక్క రెప్ప ఏసింది లేదు."

ఎనిమిది బారల దూరం నుంచి, దుమ్ములో, నా రెప్పల్ని ఆమె చూసింది. నిజంగానే కళ్ళు భగభగమంటున్నాయి. ఆమె కొంగు ముడిలోంచి చుక్కల మందు తీసి నా వైపు చాపింది. భర్త చటుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇయ్యగూడదు. కాయితంలో రాసిండాడు."

ముగ్గురం నవ్వాం. నేను కళ్ళు మూసుకుని, నిండుగా, రెండుసార్లు రెప్పలు వేశాను.